పై అంతస్తులో హరివిల్లు

స్కూల్లో ‘సేవా కార్యక్రమం’ అనగానే మనకి గుర్తొచ్చేది ఏంటి? ఇంటి నుంచి గుప్పెడు బియ్యం తెమ్మంటారు. పాత బట్టలు మూట కట్టి ఇమ్మంటారు. ఓ శనివారం బస్సెక్కించి అనాథాశ్రమానికి తీసుకెళ్తారు. అక్కడి పిల్లలు వరసగా నిలబడి మన కోసం ఓ పాట పాడతారు. మనం బిస్కెట్ ప్యాకెట్లు పంచుతాం. గ్రూప్ ఫొటో దిగుతాం. సాయంత్రానికి అది స్టేటస్‌లో ఉంటుంది. సోమవారం నాటికి ఆ పిల్లల్లో ఒక్కరి పేరైనా మనకి గుర్తుంటుందా అంటే... డౌటే.

తప్పని అనడం లేదు. ఆ బియ్యంతో ఎవరో ఒకరి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కాకపోతే బస్సు తిరిగొచ్చాక స్కూలు గేటు ఎప్పట్లాగే మూసేస్తారు. కోల్‌కతాలో ఓ క్యాథలిక్ బాలికల బడి ఆ గేటు సంగతే ముందు చూసింది. ఫీజు కట్టే పిల్లలూ, ఫుట్‌పాత్ మీద పడుకునే పిల్లలూ ఒకే మెట్లెక్కి లోపలికొచ్చే ఏర్పాటు చేసింది. ఏడాదికో రోజు కాదు... ఏళ్ల తరబడి, రోజూ.

ఆ బడి పేరు లొరెటో డే స్కూల్, సియాల్దా.

స్టేషన్ పక్క బడి

కోల్‌కతా వెళ్లినవాళ్లకి సియాల్దా స్టేషన్ గురించి చెప్పక్కర్లేదు. లోకల్ రైళ్లు దిగే జనం, తలమీద బుట్టలు, తోపులాట. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల్లో ఎంతోమందికి ఈ ప్లాట్‌ఫారాలే మొదటి ఇల్లు. ఆ తర్వాత కూడా పల్లెల్లో పని దొరకనివాళ్లు ఈ దారినే నగరంలోకి వచ్చారు. స్టేషన్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద పుట్టి, అక్కడే చిత్తుకాగితాలు ఏరుకుంటూ పెరిగిన పిల్లలు తరాలుగా ఉన్నారు.

దానికి దగ్గర్లోనే ఈ బడి. 1857లో మొదలైంది. దీన్ని నడిపేది లొరెటో సిస్టర్స్. ఐర్లండ్ నుంచి 1841 చివర్లో కలకత్తా వచ్చిన సన్యాసినుల సంఘం అది. మదర్ థెరిసా కూడా మొదట ఈ సంఘంలోని సిస్టరే. ఎంటాలీలోని లొరెటో బడిలో ఏళ్లపాటు పాఠాలు చెప్పి, 1948లో బస్తీల్లో పనిచేయడానికి ఆ గోడ దాటి బయటికొచ్చారు. ఆవిడ కథ ప్రపంచమంతా తెలుసు. అదే సంఘంలో ఉండిపోయి, గోడ లోపలి నుంచే పని మొదలుపెట్టిన ఇంకో సిస్టర్ గురించి మాత్రం మన దగ్గర చాలామందికి తెలీదు.

ఆవిడ సిస్టర్ సిరిల్ మూనీ. 1936లో ఐర్లండ్‌లోని బ్రే అనే ఊళ్లో పుట్టారు. ఇరవై ఏళ్ల వయసులో, 1956లో ఇండియా వచ్చారు. లక్నో విశ్వవిద్యాలయంలో జువాలజీలో పీహెచ్‌డీ చేశారు. 1979లో సియాల్దా బడికి ప్రిన్సిపల్ అయ్యారు. అప్పటికి బడిలో 790 మంది అమ్మాయిలుంటే, అందులో పేద పిల్లలు 90 మంది. మిగతావాళ్లంతా ఫీజు కట్టి చదివేవాళ్లు. ఇంగ్లిష్ మీడియం, కాన్వెంటు, మంచి పేరు... సీటు దొరికితే చాలనుకునే బడి. అలాంటి బడికి ప్రిన్సిపల్‌గా వచ్చినవాళ్లు మామూలుగా ఉన్న పేరు చెడకుండా చూసుకుంటే చాలనుకుంటారు.

ఆవిడ లెక్క వేరు. 1998 నాటికి బడిలో 1,400 మంది పిల్లలు. వాళ్లలో 700 మంది ఫీజు కట్టనివాళ్లు. సరిగ్గా సగం! కాన్వెంటు వెనక ఓ షెడ్డు వేసి ‘పేద పిల్లల విభాగం’ అని బోర్డు పెట్టిన బాపతు కాదిది. అదే తరగతి, అదే బెంచీ, అదే యూనిఫామ్. సగం మంది కట్టే ఫీజులు, దాతలిచ్చే డబ్బు, స్పాన్సర్‌షిప్‌లు కలిపి మొత్తం నడిచేది. బడి క్యాథలిక్‌లదే అయినా పిల్లలు అన్ని మతాలవాళ్లూ.

రావడానికి టైమ్ లేని క్లాసు

అయినా ఓ చిక్కు మిగిలింది. బస్తీ పిల్లకైతే ఎలాగోలా ఓ ఇల్లుంటుంది, పొద్దున్నే తల దువ్వి పంపే అమ్మ ఉంటుంది. అదీ లేని పిల్లల మాటేంటి? పొద్దున కాగితాలు ఏరాలి. మధ్యాహ్నం తమ్ముణ్ని ఎత్తుకోవాలి. పోలీసులు తరిమితే వేరే చోటు వెతుక్కోవాలి. అలాంటి పిల్లని తొమ్మిదింటికి ప్రేయర్‌కి రమ్మంటే రాదు. వచ్చినా, ఎనిమిదేళ్ల పిల్లని ఎల్‌కేజీలో కూర్చోబెడితే రెండో రోజే మాయమవుతుంది.

అందుకని 1985లో ‘రెయిన్‌బో’ మొదలుపెట్టారు. బడి పై అంతస్తులో జాగా ఇచ్చారు. వీధి పిల్లలు ఎప్పుడు వీలైతే అప్పుడు రావచ్చు. నిన్న రాలేదేం అని ఎవరూ నిలదీయరు. మరి పాఠం చెప్పేదెవరు? ఒక్కో పిల్ల ఒక్కో టైమ్‌కి వస్తే ఒక టీచర్ ఏం చేయగలదు?

నా దృష్టిలో ఈ బడి తెలివంతా ఇక్కడే ఉంది. చెప్పేది కింది తరగతుల్లో చదివే అమ్మాయిలే. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలకి సిలబస్‌లో ‘వర్క్ ఎడ్యుకేషన్’ అని ఒకటుంటుంది. చాలా స్కూళ్లలో ఆ పీరియడ్ అంటే థర్మోకోల్ బొమ్మలు, ఎంబ్రాయిడరీ, లేదా లెక్కల సారు లాగేసుకునే టైమ్. ఇక్కడ ఆ పీరియడ్‌లో అమ్మాయిలు పైకెళ్తారు. ఒక్కొక్కరూ ఒక్కో రెయిన్‌బో పిల్ల పక్కన కూర్చుంటారు. ఒక తరగతి దిగిపోగానే ఇంకో తరగతి ఎక్కుతుంది. అందువల్ల రోజులో ఏ టైమ్‌కి చూసినా పైన ఎవరో ఒక ‘టీచర్’ ఉంటుంది. వయసు పదో, పన్నెండో.

ఒకరికి ఒకరు కాబట్టి, క్లాసులో వెనకబడటం అన్న మాటే ఉండదు. మూడు రోజులు రాని పిల్లకి నాలుగో రోజు పాఠం ఆగిన చోట నుంచే మొదలవుతుంది. ‘క’ దగ్గర ఆగితే ‘క’ నుంచే. ట్యూషన్ సెంటర్లవాళ్లు ‘పర్సనల్ అటెన్షన్’ అని బోర్డు పెట్టి వేలకి వేలు తీసుకునేది దీనికే కదా! అది ఇక్కడ స్టేషన్ పిల్లకి ఉచితంగా దొరికింది. కాస్త పట్టు చిక్కాక, వయసుకి తగ్గ క్లాసులో చేర్చేవాళ్లు. కొందరు అదే లొరెటోలో, మరికొందరు చుట్టుపక్కల బెంగాలీ మీడియం బళ్లలో.

రాత్రిళ్లు ఆడపిల్లలకి వీధిలో ఏం జరుగుతుందో విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. పగలు చదువు చెప్పి చీకటి పడ్డాక మళ్లీ అదే ఫుట్‌పాత్‌కి పంపడం ఎంత దాకా న్యాయం? అందుకే చాలామంది అమ్మాయిలు రాత్రి కూడా బడిలోనే ఉండిపోయే ఏర్పాటు జరిగింది. నిజానికి ఆలోచిస్తే సింపుల్ విషయమే. సాయంత్రం బెల్లు కొట్టాక మన బళ్లన్నీ ఖాళీగానే కదా ఉంటాయి. గదులున్నాయి, బాత్రూములున్నాయి, నీళ్లున్నాయి, వాచ్‌మన్ ఉన్నాడు. తాళం ఒక్కటే అడ్డం.

మరి మన పిల్ల మార్కులో?

మీకూ వచ్చే ఉంటుంది ఈ ప్రశ్న. ఫీజు కట్టే అమ్మానాన్నల వైపు నుంచి చూస్తే అందులో అన్యాయమేం లేదు కూడా. పీరియడ్లన్నీ ఇలా పోతే బోర్డు పరీక్షల సంగతేంటి? వీధి పిల్లల పక్కన కూర్చుంటే జబ్బులొస్తాయేమో? మాట పాడవుతుందేమో? ఈ ఆఖరి ప్రశ్న మన ఇళ్లలో కాస్త గొంతు తగ్గించి అడుగుతారు.

1998లో ఈ బడి మీద టానియా జెస్సప్ అనే పరిశోధకురాలు ఓ అధ్యయనం రాశారు. పేద పిల్లల్ని సగానికి సగం చేర్చుకున్నందువల్ల బడి ప్రమాణాలు కూలిపోలేదు. పైగా, అప్పటికే అది బయటివాళ్లు వచ్చి చూసి నేర్చుకునే నమూనాగా నిలిచింది. బడిలో పోటీ తక్కువ. పక్కదాన్ని దాటేయడం కన్నా నిన్నటి నీ కన్నా ఇవాళ నువ్వు బాగా చేశావా లేదా అన్నదే చూస్తారు. ర్యాంకుల ఫ్లెక్సీలు, టీవీల్లో ‘ఒకటి ఒకటి ఒకటి’ అరుపుల మధ్య పెరిగిన మనకి ఇది వేరే గ్రహం సంగతిలా ఉంటుంది.

ఇంకో మాట. ఏదైనా బాగా రావాలంటే ఇంకొకరికి చెప్పి చూడమంటారు పెద్దలు. భిన్నాలు రాని పిల్లకి భిన్నాలు అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు నీకు నిజంగా తెలియాలి. రొట్టె ముక్క చేసి చూపించాలో, పావలా లెక్కలో చెప్పాలో అప్పటికప్పుడు తట్టాలి. పన్నెండేళ్ల వయసులో ఆ ఓపిక అలవడటం తక్కువేం కాదు. కూరగాయలమ్మే వాళ్లమ్మ పక్కన కూర్చుని నోటి లెక్కలు చేసే రెయిన్‌బో పిల్ల, ఈ ‘టీచర్’ కన్నా ముందే జవాబు చెప్పేసిందనుకోండి, అప్పుడు ఎవరు ఎవరికి నేర్పినట్టు?

ఇంట్లోకి చూడమన్న పాఠం

బడి పని పై అంతస్తుతో ఆగలేదు. గురువారాల్లో అమ్మాయిలు నగరం బయటి పల్లె బళ్లకి వెళ్లి అక్కడి పిల్లలతో కూర్చునేవాళ్లు. డిగ్రీలు లేని యువతీయువకులకి పాఠం చెప్పడంలో శిక్షణ ఇచ్చి ‘బేర్‌ఫుట్ టీచర్స్’ పేరుతో బస్తీలకీ పల్లెలకీ పంపారు. అలా తయారైనవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇటుక బట్టీల్లో పనికొచ్చే వలస కూలీల పిల్లలకి బట్టీ దగ్గరే బడి పెట్టారు. మన దగ్గర ఒడిశా కూలీలతో నడిచే బట్టీలు చూసినవాళ్లకి ఆ అవసరం ఏంటో ఇట్టే అర్థమవుతుంది.

వీటన్నిటికన్నా కష్టమైన పని మాత్రం ఇంకోటి ఉంది. ఇళ్లలో పనిచేసే చిన్నపిల్లల్ని గుర్తించడం. హోటల్లో కప్పులు కడిగే కుర్రాడు కనీసం కంటికి కనిపిస్తాడు. అపార్ట్‌మెంట్ తలుపు వెనక అంట్లు తోమే పదేళ్ల అమ్మాయి ఎవరికి కనిపిస్తుంది? లెక్కల్లోకి రాదు, వీధిలోకీ రాదు. అదే అపార్ట్‌మెంట్‌లో ఉండే స్కూలు పిల్లకి కనిపిస్తుంది. లిఫ్ట్‌లో, మెట్ల మీద, పాల ప్యాకెట్ కోసం కిందికొచ్చినప్పుడు. అందుకే ఆ పని అమ్మాయిలకే అప్పగించారు. మీ వీధిలో, మీ బిల్డింగ్‌లో ఎవరున్నారో చూడండి, పలకరించండి, స్నేహం చేసుకోండి, ఆడుకోవడానికి రమ్మనండి, చదువు దాకా తీసుకురండి అని.

అలా వెతుకుతూ పోతే ఆ పదేళ్ల పిల్ల మేనత్త ఇంట్లోనో, సొంత ఇంట్లోనో కనిపిస్తే? దూరపు పేదల మీద జాలి పడటం తేలిక. మన వంటింట్లో ఉన్న పిల్ల గురించి భోజనాల దగ్గర నాన్నని అడగడం అంత తేలిక కాదు. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడాన్ని కేంద్రం నిషేధించింది 2006 అక్టోబరులో. అంతకుముందు అది చట్టం లెక్కలో కూడా తప్పు కాదు.

చట్టం లేకుండానే

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ప్రైవేటు బళ్లు మొదటి తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీనవర్గాల, పేద పిల్లలకి ఉచితంగా ఇవ్వాలంటుంది. దాని మీద యాజమాన్యాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. మైనారిటీ విద్యాసంస్థలకి ఆ నిబంధన వర్తించదని 2012, 2014 తీర్పుల్లో కోర్టు చెప్పింది. అంటే క్యాథలిక్ బళ్ల మీద ఆ 25 శాతం బలవంతం లేదు. సియాల్దా బడి అంతకు ఎన్నో ఏళ్ల ముందే, అడిగేవాళ్లు లేకుండానే, 50 శాతానికి చేరింది. చట్టం వర్తించదని తెలిశాక ఊపిరి పీల్చుకున్న బళ్లు కూడా అదే మతం పేరుతో ఉన్నాయి, మన రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. రెండూ ఒకే ప్రార్థనతో రోజు మొదలుపెడతాయి.

ఈ పద్ధతిలో లోపాలే లేవా అంటే ఉన్నాయి. ఇంతా ఒక ప్రిన్సిపల్ పట్టుదల చుట్టూ అల్లుకుని పెరిగింది. ఆవిడ ఆ కుర్చీలో మూడు దశాబ్దాలు ఉన్నారు, అందరికీ అన్నేళ్లు దొరకవు. డబ్బులో కొంత విదేశీ దాతలది, అది ఎప్పుడైనా ఆగొచ్చు. ఎంత చేసినా ఒక బడి మోయగలిగింది కొన్ని వందలమందిని, స్టేషన్ దగ్గర ఉన్నది అంతకన్నా ఎన్నో రెట్లు. అసలు సర్కారు చేయాల్సిన పని సిస్టర్లు ఎందుకు చేయాలన్న ప్రశ్నకి జవాబు ఆ బడి దగ్గర లేదు, ఉండాల్సిన పనీ లేదు.

సిస్టర్ సిరిల్‌కి 2007లో పద్మశ్రీ ఇచ్చారు. 2023 జూన్‌లో, 86 ఏళ్ల వయసులో ఆవిడ కన్నుమూశారు.

ఆవిడ మొదలుపెట్టిన ఆలోచన మాత్రం మన హైదరాబాద్ దాకా వచ్చింది. ‘రెయిన్‌బో హోమ్స్’ పేరు వినే ఉంటారు. వీధి బాలికల కోసం నడిచే ఈ హోమ్స్‌కి మూలం సియాల్దా బడే. దేశంలోని పలు నగరాల్లో సాగుతున్న ఈ కార్యక్రమానికి కేంద్రం ఇప్పుడు హైదరాబాద్. ఇక్కడ కాన్వెంట్ల బదులు ప్రభుత్వ బళ్లలో వాడకుండా పడి ఉన్న గదుల్ని, పాత భవనాల్ని అడిగి తీసుకున్నారు. సున్నం కొట్టించి, పడకలు వేసి, వంటగది పెట్టారు. నాలుగున్నరకి బెల్లు కొట్టగానే మిగతా పిల్లలు బ్యాగులు తగిలించుకుని గేటు దాటి వెళ్లిపోతారు. హోమ్ అమ్మాయిలు యూనిఫామ్ మార్చుకుని, స్నాక్స్ తిని, హోమ్‌వర్క్ పుస్తకాలతో మళ్లీ అదే వరండాలో కూర్చుంటారు.