ఇంటిపన్ను ఎందుకు పెరుగును?

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత కట్టుటతోనే ఆగిపోయినది. కట్టిన యింటిని నిలుపుకొనుటలోని కష్టమును గూర్చి అది యేమియు చెప్పలేదు. ఒకప్పుడు ఆ కష్టము వాననీరు కారుట, చెదలు పట్టుట, సున్నము రాలుట మొదలైన వానితో సరి. నేడు హైదరాబాదునకు పడమటి దిక్కున మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతములలో ఇల్లుగలవారిని కలతపెట్టుచున్నది ఇంటిపన్ను. గోడ జరుగకపోయినను, గది పెరుగకపోయినను పన్ను కాగితము మీది అంకె మారవచ్చును. ఇది యెట్లు జరుగును? ఇందులో న్యాయమెంత? గృహస్థుడు చేయదగినదేమి? ఈ మూడు ప్రశ్నలను గూర్చి శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ముందుగా ఆ ప్రాంతపు చరిత్ర కొంచెము చెప్పుకొందము. మాదాపూర్, కొండాపూర్ ఒక తరము క్రిందట నగరపు పొలిమేరలోని గ్రామములు. గుట్టలు, బండరాళ్ళు, చెరువులు తప్ప అక్కడ కనిపించునది తక్కువ. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి అక్కడ సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. దానితో హైటెక్ సిటీ అను పేరు లోకమునకు తెలిసినది. శేరిలింగంపల్లి పురపాలక సంఘములో నున్న ఈ ప్రాంతము, మరి పదునొకండు పురపాలక సంఘములతో పాటు 2007 ఏప్రిల్ 16న పాత నగరపాలక సంస్థతో కలిసి గ్రేటర్ హైదరాబాదులో భాగమైనది. 2019 మార్చిలో మెట్రో రైలు హైటెక్ సిటీకి చేరినది. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరువబడినది. 2025 డిసెంబరులో మణికొండ, నార్సింగి మొదలైన 27 పట్టణ సంస్థలు కూడ గ్రేటర్‌లో చేర్చబడినవి. రైలు వచ్చినను, వంతెన వచ్చినను, పెద్ద కంపెనీ వచ్చినను వానితో పాటు వచ్చు మార్పు ఒకటి కలదు. అది చుట్టుపట్ల ఇండ్ల అద్దె పెరుగుట. ఇంటిపన్నుకు మూలము ఆ అద్దెయే.

ఈ సంగతి చాలమందికి తెలియదు. మన యిల్లు అమ్మిన ఎంత ధర వచ్చునో దానినిబట్టి పన్ను కట్టుదురని అనేకుల అభిప్రాయము. హైదరాబాదులో లెక్క అట్లు కాదు. 1955 నాటి నగరపాలక సంస్థల చట్టము ననుసరించి పన్నుకు ఆధారము వార్షిక అద్దె విలువ. అనగా ఆ యింటిని అద్దెకిచ్చినచో సంవత్సరమునకు న్యాయముగా ఎంత రాదగునో ఆ మొత్తము. యజమానుడే అందులో కాపురమున్నను, ఒక్క రూపాయి అద్దె చేతికి రాకున్నను లెక్క యిదియే. ఆ వీధిలో చదరపు అడుగునకు ఇంత అని నిర్ణయించిన నెల అద్దెను ఇంటి వైశాల్యముచే గుణించి, పండ్రెండు నెలలకు లెక్కగట్టుదురు. మరమ్మతుల క్రింద నూటికి 10 వంతులు తగ్గించి, మిగిలినదానిపై పన్ను వేసి, ఆ పన్నుపై గ్రంథాలయ సుంకము నూటికి 8 వంతులు కలుపుదురు.

ఒక ఉదాహరణ చూతము. 1,200 చదరపు అడుగుల ఇంటికి అడుగునకు రూపాయి పావలా అద్దె విలువ కట్టిరనుకొందము. నెలకు 1,500 రూపాయలు, సంవత్సరమునకు 18,000. అందులో పదవ వంతు పోగా 16,200. దీనిపై నూటికి 30 చొప్పున 4,860. గ్రంథాలయ సుంకముతో కలిపి ఇంచుమించు 5,250 రూపాయలు. చిన్న సూత్రముగా చెప్పవలెనన్న, నెల అద్దె విలువను మూడున్నరచే గుణించిన సంవత్సరపు పన్ను వచ్చును. ఈ లెక్క ఎవరింటికి వారు వ్రేళ్ళమీద వేసికొనవచ్చును.

నూటికి 30 అనునది అందరికి వర్తించునా అని సందేహము రావచ్చును. నివాస గృహములకు పన్ను మెట్లుమెట్లుగా నిర్ణయించిరి. నెల అద్దె విలువ 50 రూపాయల లోపైన పన్ను లేదు. 100 వరకు నూటికి 17, 200 వరకు 19, 300 వరకు 22, ఆపైన 30. బీదవానికి తేలికగా, కలవానికి బరువుగా ఉండవలెనన్న సదుద్దేశ్యముతో కట్టిన మెట్లివి. కాని నెలకు 300 రూపాయల అద్దెకు హైటెక్ సిటీ సమీపమున వంటగది కూడ దొరకదు. అడుగునకు రూపాయి కట్టినను 301 చదరపు అడుగుల ఇల్లు పై మెట్టునకు చేరును. క్రింది మెట్లు చట్టములో నిలిచియున్నవి, నగరము వానిని దాటిపోయినది. రెండు గదుల ఇంటివాడును, మేడలవాడును ఒకే మెట్టుమీద నిలుచుండిరి.

ఇక పన్ను పెరుగు మార్గములు మూడు. మొదటిది అద్దె విలువను తిరిగి కట్టుట. రెండవది వైశాల్యము. మేడపైన వేసిన గది, మూసిన వరండా పాత లెక్కలలో చేరియుండకపోవచ్చును. 2024లో గ్రేటర్ నగరపాలక సంస్థ డ్రోన్లతోను, ఇంటింటి తనిఖీతోను భవనముల సర్వే ప్రారంభించినది. పుస్తకములో లేని గది ఆకాశమునుండి కనబడును. మూడవది వినియోగము. క్రింది భాగమును దుకాణమునకో ఆఫీసునకో ఇచ్చినచో అది నివాసము కాదు, వ్యాపారస్థలము. దానికి అద్దె విలువ వేరు. 600 చదరపు అడుగులకు నివాసముగా రూపాయి పావలా చొప్పున 2,625 రూపాయల పన్ను వచ్చుననుకొందము. వ్యాపారమునకు అడుగునకు 8 రూపాయలు కట్టిరా, అదే భాగమునకు 16,800 అగును. అద్దె యెక్కువ వచ్చినదని సంతోషించువాడు ముందుగా ఈ లెక్క వేసికొనవలెను.

న్యాయము మాటకు వత్తము. ఉద్యోగము విరమించి, పింఛనుపై బ్రదుకుచు, ఎన్నడో కట్టుకొన్న యింట నివసించు దంపతులను తలచుకొనుడు. ఇరుగుపొరుగున అద్దెలు పెరిగినవి కనుక వారి యింటి విలువయు పెరిగినది. ఆ విలువ కాగితముమీదిదే. పన్ను మాత్రము చేతిలోని నాణెముతో చెల్లింపవలెను. రెండవ పక్షమున నగరపాలక సంస్థకును చెప్పుకొన మాట కలదు. వీధి దీపములు, మురుగు కాలువలు, చెత్త యెత్తుట గాలిలో జరుగవు. వంతెనలకు, రహదారులకు 2018లో బాండ్లద్వారా 200 కోట్ల రూపాయల అప్పు తెచ్చిరి. ఆ అప్పు తీరవలసినది నగర ఆదాయముతోనే. పైగా కనీసపు ఆస్తిపన్ను రేట్లను ప్రకటించి, రాష్ట్రపు ఆదాయ వృద్ధికి తగినట్లు వసూళ్ళను పెంచిన రాష్ట్రముల పట్టణములకే గ్రాంటులని 15వ ఆర్థిక సంఘము నియమము పెట్టినది.

అట్లైన పాత విలువలను కదల్పకుండుట మేలా? అదియు కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1978లో ప్రజలు ఓటుద్వారా 13వ ప్రతిపాదనను ఆమోదించిరి. ఇల్లు చేతులు మారనంతవరకు దాని మదింపు విలువ సంవత్సరమునకు నూటికి రెండు వంతులకు మించి పెరుగరాదని దాని సారాంశము. వృద్ధులకు రక్షణ కలిగినది. కాని ప్రక్కప్రక్కన నున్న ఒకే తీరు ఇండ్లలో పాతవాడు కొంచెము, క్రొత్తగా కొన్నవాడు అంతకు కొన్ని రెట్లు కట్టు వింత పుట్టినది. మన నగరములోనే మరియొక చిక్కు చూడుడు. సంవత్సరపు పన్ను 1,200 రూపాయలు దాటని యిండ్లకు 101 రూపాయలు చాలునని తెలంగాణ ప్రభుత్వము 2015లో నిర్ణయించెను. పేదలకిది మేలే. అయితే మదింపు కొంచెము కదలి 1,200 దాటినచో ఆ సడలింపు పోయి, 101 కట్టువానిపై ఒక్కసారిగా పండ్రెండు రెట్ల భారము పడును.

పొరుగున ఆంధ్రప్రదేశము 2021 ఏప్రిల్ నుండి అద్దె విలువను విడిచి మూలధన విలువను ఆధారముగా గైకొన్నది. అయినను ఏ సంవత్సరమునందైనను పన్ను అంతకు ముందరిదానిపై నూటికి 15కు మించి పెరుగరాదని హద్దు పెట్టినది. 15 ఎక్కువయా తక్కువయా అను చర్చ యెట్లున్నను, హద్దు ఉండుట మంచిదని మా యభిప్రాయము. ఏండ్ల తరబడి నిద్రించి ఒక్కనాడు ఉలికిపడి లేచు మదింపుకంటె, ఏటేట కొంచెము కదలు మదింపు గృహస్థునకు సహ్యము. ముందుగా తెలిసిన భారమును మనుష్యుడు మోయగలడు.

ఈలోగా మనము చేయవలసినవి కొన్ని కలవు. పన్ను కాగితమున వైశాల్యము, వినియోగము, అద్దె విలువ సరిగా నున్నవో లేవో చూచుకొనవలెను. అదే వీధిలోని అదే విధమైన ఇంటికి కట్టిన విలువతో పోల్చి చూడవలెను. తేడా కనబడినచో నోటీసులోని గడువు దాటకుండ కమిషనరుకు ఆక్షేపణ వ్రాయవలెను. అక్కడ న్యాయము జరుగలేదనిపించిన స్మాల్ కాజెస్ కోర్టునకు పోవు హక్కును చట్టము ఇచ్చినది. ఇల్లు ఖాళీగా నున్న కాలమునకు తగ్గింపు కోరు వీలున్నది, కాని అడుగనిదే రాదు.

గ్రేటర్‌లో అర్ధసంవత్సరపు గడువులు జూలై 31, అక్టోబరు 15. దాటిన మొత్తముపై నెలకు నూటికి 2 వడ్డీ. ఏప్రిల్‌లో సంవత్సరమంతటి పన్ను ముందే కట్టినవారికి నూటికి 5 తగ్గింపు ఇచ్చుట ఆచారమైనది. ఎగవేసినవారికో, 2020, 2022, 2024, 2025 సంవత్సరములలో బకాయి వడ్డీలో నూటికి 90 వంతులు మాఫీ చేసిరి. సకాలమున చెల్లించువానికి అయిదు, చెల్లింపనివానికి తొంబది! పన్ను ఎంత యన్న ప్రశ్నతో పాటు అది అందరికి ఒకే తీరున పడుచున్నదా యని కూడ పౌరులు అడుగవలెను. పొరుగువాని లెక్కయు తన లెక్కయు ఒక్కటే యని నమ్మకము కలిగిన నాడు, పన్ను కట్టువాని చేయి అంతగా వెనుకాడదు.