చేతిబ్రేకు పట్టు వదలకపోతే...

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచిన సంగతి మన కళాశాలలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. వరద గురించి రాయగలవాళ్ళు రాస్తారు. నేను చెప్పబోయేది చాలా చిన్న విషయం. ఒక పికప్ బండి చేతిబ్రేకు గురించి. ఫిజిక్సు పాఠాలు చెప్పుకునేవాడికి మెకానిక్కు పనెందుకని మా స్టాఫ్‌రూములో నవ్వుతారు. నవ్వనివ్వండి.

మా చిన్నాన్నగారి అబ్బాయి సీజనులో నున్న మార్కెట్టుకు మామిడికాయలు, మిగతా రోజుల్లో బంటుమిల్లి వైపు నుంచి రొయ్యల ట్రేలు తోలుతుంటాడు. బండి మీద వాయిదాలు ఇంకా తీరలేదు. నీళ్ళొస్తున్నాయనగానే హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, పిల్లల్ని తీసుకుని మేడెక్కాడు. రోజుల తరబడి బండి నీళ్ళలోనే వుండిపోయింది. నీరు తీశాక ఒక ట్రాక్టరుకు తాడు కట్టి లాగించాడు. వెనక చక్రాలు రెండూ తిరగలేదు. బురదలో చాళ్ళు గీసుకుంటూ జారాయి. "ఇంకాస్త లాగండి, అదే వదుల్తుంది" అన్నారు చుట్టూ చేరినవాళ్ళు. లాగారు. ఫట్టుమని చప్పుడయింది, ఎడమ చక్రం తిరిగింది. అందరూ సంతోషించారు. కుడిది మాత్రం జారుతూనే వుంది.

"అన్నయ్యా, లివరు పూర్తిగా కిందికే వుంది. ఎర్రలైటు కూడా ఆరింది. మరి బ్రేకు ఎలా పడివుంటుంది?" అని ఫోనులో అడిగాడు.

అసలు కిటుకంతా ఆ ప్రశ్నలోనే వుంది. ఆ లైటు చెప్పేది లివరు సంగతే గాని బ్రేకు సంగతి కాదు. లివరు కింద నుంచి ఒక తీగె వెనక్కి పోయి, ఈక్వలైజరు అనే చిన్న బద్ద దగ్గర రెండుగా చీలి, చెరొక వెనక డ్రమ్ములోకి వెళ్తుంది. అక్కడ షూలను విడదీసి డ్రమ్ముకు అదుముతుంది. తీగెతో లాగగలం గాని నెట్టలేం గదా! కనుక లివరు దించినప్పుడు మనం చేసేది తీగెను వదలడమే. షూలను వెనక్కి తేవలసింది డ్రమ్ములోని స్ప్రింగులు. దారిలో ఎక్కడ తుప్పు అడ్డుపడినా లివరు వదులుగా కిందపడుతుంది, బ్రేకు మాత్రం పట్టుకునే వుంటుంది.

బండిని ఆటోనగర్‌కు చేర్చి, తెలిసిన మేస్త్రీగారికి అప్పగించాం. ఆయన పద్ధతి చూస్తే నాకు మా లాబొరేటరీ గుర్తుకొచ్చింది. ముందు చక్రాలకు దిమ్మలు వేసి, వెనక ఇరుసును జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టారు. గేరు న్యూట్రల్లో పెట్టి ఒక్కొక్క చక్రాన్నీ చేత్తో తిప్పి చూశారు. తర్వాత ఈక్వలైజరు నట్టు వదులు చేశారు. "సారూ, ఇప్పుడు చక్రం వదిల్తే జబ్బు కేబుల్లో. వదలకపోతే డ్రమ్ములో." అంతే! రోగాన్ని రెండు ముక్కలు చేసి ఒక ముక్కను కొట్టేయడం. అప్పటికీ వదలకపోతే వీల్ సిలిండరు బ్లీడింగు స్క్రూ కొంచెం విప్పి చూస్తారట. ఆయిలు చిమ్మి చక్రం తిరిగిందంటే తప్పు చేతిబ్రేకుది కాదు, కాలిబ్రేకుది.

మా బండి కుడిచక్రం నట్టు తిప్పగానే వదిలింది. కేబులు చివర రబ్బరు తొడుగు ఎప్పుడో చిట్లింది. రొయ్యల ట్రేల ఉప్పునీరు ఏళ్ళ తరబడి కారి లోపలికి దిగింది. వరద దానికి ఆఖరి దెబ్బ మాత్రమే. అలాంటి కేబులుకు నూనె పోసి నాలుగు రోజులు నడిపిద్దామనుకోవడం దండగ, మార్చవలసిందే.

ఎడమ డ్రమ్ము ఊడదీశాక ట్రాక్టరు రోజున విన్న చప్పుడేమిటో తెలిసింది. షూ తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుపోయింది. లాగిన లాగుడుకు లైనింగు షూను వదిలి ఊడివచ్చి, డ్రమ్ములో ముక్కలై పడివుంది. ఆ ముక్క ఒకటి అడ్డం పడితే నడిరోడ్డు మీద చక్రం బిగుసుకునేది, అదీ సరుకుతో! బలవంతంగా నడిపితే ఇంకో ప్రమాదం కూడా వుంది. చక్రం తిరిగేకొద్దీ ముందు షూ తనంతట తానే డ్రమ్ములోకి ఇంకా ఒరుసుకుంటుంది. వేడికి బేరింగులోని గ్రీజు కరుగుతుంది, బ్రేకు ఆయిలు మరుగుతుంది, ఒక్కోసారి టైరే అంటుకుంటుంది.

మరేం చేయాలి? ఒక రాత్రి వానకు అతుక్కున్న షూ అయితే ఫస్టు గేరులో ఒకసారి, రివర్సులో ఒకసారి మెల్లగా కదిపితే టక్కున వదులుతుంది. రెండు మూడు సార్లకు వదలకపోతే ఆగిపోవాలి. జాకీ మీద లేపి డ్రమ్ము అంచు చుట్టూ సుత్తితో మెల్లగా తట్టాలి. చాలా డ్రమ్ములకు రెండు మరల రంధ్రాలుంటాయి. వాటిలో బోల్టులు బిగిస్తే డ్రమ్ము దానంతటదే బయటికి వస్తుంది. లోపలి దుమ్మును నోటితోగాని గాలితోగాని ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వుండేది, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవాలి.

బిగింపులో కూడా ఒక వరుస వుంది. ముందు డ్రమ్ములో షూల అడ్జస్టరు, ఆ తర్వాతే కేబులు. చాలామంది లివరు పైదాకా వస్తోందని నేరుగా కేబులే బిగిస్తారు. అప్పుడు షూలు పూర్తిగా వెనక్కి రావు, సగం బ్రేకుతోనే బండి నడుస్తుంది, డీజిలు తాగుతుంది.

మన డెల్టా నేల పళ్ళెంలా చదును. వానాకాలం రాత్రిళ్ళు, బండి కడిగిన తర్వాత, ఇంజను ఆపి ఫస్టు గేరులో వుంచి చక్రాలకు దిమ్మలు పెడితే చాలు. ఇంద్రకీలాద్రి ఘాట్‌రోడ్డు వంటి వాలు మీద మాత్రం బ్రేకు లాగి తీరాలి. అలాగని అసలు వాడకపోయినా కేబులు తుప్పుపడుతుంది. పొడిగా వున్న రోజుల్లో అప్పుడప్పుడూ లాగి వదులుతుండాలి.

కొత్త కేబులు, కొత్త షూలు వేశాక మేస్త్రీగారు లివరును అయిదుసార్లు లాగి వదిలారు. ప్రతిసారీ తమ్ముడి చేత చక్రాలు తిప్పించి చూశారు. అప్పుడు గాని స్టాండ్ల మీంచి బండిని దింపలేదు. బెంజి సర్కిల్ దాకా పోయివచ్చి, డ్రమ్ములకు తగలకుండా అరచెయ్యి దగ్గరగా పెట్టి చూశాం. రెండూ ఒకేలా గోరువెచ్చగా వున్నాయి.