వార్తల్లో పదం: పౌరసత్వంతో పాటే పేరు మార్పు

అమెరికా పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు పెట్టేవారు అందులోనే పేరు మార్పు కోరవచ్చు. విడిగా కోర్టుకెక్కే పని లేదు. అయితే మార్చే అధికారం ఇమిగ్రేషన్ శాఖది కాదు, న్యాయస్థానానిది. అందుకే వీరు కోర్టు జరిపే కార్యక్రమంలోనే ప్రమాణం చేయాలి. కొన్నిచోట్ల దానికి ఎక్కువ రోజులు ఆగాల్సి వస్తుంది. పెళ్లితో మారిన పేరుకైతే వివాహ ధ్రువపత్రం చాలు.

గుడివాడ, బందరు, దివిసీమల నుంచి వెళ్లినవారికి ఇది నిజంగా అక్కరకొచ్చే వెసులుబాటు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. చాలామంది స్కూలు రికార్డుల్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో పెట్టిన పేరు ఆ గడిలోకి జరిగి, దాని చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరు బ్యాంకులో, ఆసుపత్రిలో అలా మూడక్షరాలైపోవడం బాధాకరం. సరిచేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక్కడి సంగతీ చూసుకోవాలి. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం విదేశీ పౌరసత్వం తీసుకోగానే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుదారులు పొలం కొనలేరు కానీ, వారసత్వంగా పొందవచ్చు. అవనిగడ్డలో తాతల పొలం పాసుపుస్తకం, వారసత్వ ధ్రువపత్రాల్లో ఉండేది పాత పేరే. రెండు పేర్లూ ఒకరివేనని చూపే కోర్టు పత్రం నకళ్లు దగ్గరుంచుకోవాలి.