ట్యాంకును లారీ ఎక్కించాలంటే లెక్కలు రావాలి!

కారు కొంటే షోరూమ్ నుంచి ఇంటికి నడుపుకొంటూ వచ్చేస్తాం. కొన్నది 45 టన్నుల యుద్ధట్యాంకు అయితే? మన దగ్గర ఆ ముచ్చట కుదరదు కానీ, అమెరికాలో పాత ట్యాంకులు సొంతంగా ఉన్నవాళ్లు చాలామందే. వాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు జాక్ లిటిల్‌ఫీల్డ్. కాలిఫోర్నియాలోని పోర్టోలా వ్యాలీలో ఆయన 200కు పైగా సైనిక వాహనాలు పోగేశారు. 2009లో ఆయన చనిపోయారు. 2013లో ఆ సేకరణ కాలింగ్స్ ఫౌండేషన్‌కు చేరింది. 2014 జులైలో చాలా వాహనాలను వేలం వేసి, 80 వరకు ఉంచుకున్నారు. వాటికి మ్యూజియం కట్టింది మాత్రం దేశానికి అవతలి కొసన, మసాచుసెట్స్‌లోని స్టో అనే ఊళ్లో. రోడ్డు మీద దాదాపు 5,000 కిలోమీటర్లు. మ్యూజియం 2019లో తెరుచుకుంది.

అంత దూరం ట్యాంకును నడిపితే తారు రోడ్డూ పాడవుతుంది, ట్రాకులూ అరిగిపోతాయి. అందుకే లోబెడ్ ట్రెయిలర్ కావాలి. దాని ముందు భాగాన్ని విడదీస్తే డెక్ నేలకు ఆనుతుంది. ట్యాంకు సొంత ఇంజిన్‌తో ఎక్కుతుంది, లేదంటే వించ్‌తో లాగాలి.

అసలు తలనొప్పి అక్కడి నుంచే మొదలు. అమెరికా హైవేల మీద మామూలుగా అనుమతించే మొత్తం బరువు 80,000 పౌండ్లు, అంటే సుమారు 36.3 టన్నులు. వెడల్పు 102 అంగుళాలు. రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్ ట్యాంకు వెడల్పు దాదాపు 103 అంగుళాలు. ఒక్క అంగుళం తేడాకే స్పెషల్ పర్మిట్! ఇక లిటిల్‌ఫీల్డ్ దగ్గరున్న జర్మన్ పాంథర్ సంగతి చెప్పేదేముంది? లారీ, ట్రెయిలర్ బరువు కలపకముందే పరిమితి దాటేస్తుంది. పర్మిట్ దేశమంతటికీ ఒక్కటే ఇవ్వరు. దారిలో పడే ప్రతి రాష్ట్రం దగ్గరా తీసుకోవాలి. చాలాచోట్ల పగలే ప్రయాణించాలి. సైజును బట్టి ముందూ వెనకా పైలట్ కార్లు ఉండాలి. పనిచేసే ఫిరంగి ఉన్న ట్యాంకైతే రాష్ట్రం దాటించడానికి ఏటీఎఫ్ అనే ఫెడరల్ సంస్థ ముందస్తు అనుమతి కూడా కావాలి.

నాకు బాగా నచ్చింది గొలుసుల లెక్క. డ్రైవర్ సడన్ బ్రేకు వేస్తే ఏమవుతుంది? కట్లు 0.8జీ వరకు తట్టుకోవాలన్నది అక్కడి రూల్. 45 టన్నుల ట్యాంకు 36 టన్నుల బలంతో డ్రైవర్ క్యాబిన్ వైపు దూకుతుందన్నమాట. గొలుసుల వర్కింగ్ లోడ్ మొత్తం కలిపి సరుకు బరువులో కనీసం సగం, అంటే 22.5 టన్నులు ఉండాలి. అర అంగుళం గ్రేడ్ 70 గొలుసు వర్కింగ్ లోడ్ సుమారు 5.1 టన్నులు. ఐదు చాలనుకుంటున్నారా? ఒక కొస ట్రెయిలర్‌కు, రెండో కొస ట్యాంకుకు కట్టిన గొలుసును సగానికే లెక్కేస్తారు. కాబట్టి తొమ్మిది. జతలుగా కట్టాలి కదా, పది వేసుకోండి. ఇనుప ట్రాకు ఇనుప డెక్ మీద జారుతుంది కాబట్టి మధ్యలో చెక్కలో, రబ్బరు మ్యాట్లో పరవాలి. టరెట్ తిరగకుండా లాక్ చేయాలి. ఈ పనుల్లో ఏది వదిలేసినా ముందుగా ప్రమాదంలో పడేది డ్రైవరే.

సివిల్ వాళ్లకు ఐఆర్‌సీ 70ఆర్ లోడింగ్ గుర్తుందా? వంతెన డిజైన్‌లో వేసుకునే ఆ 70 టన్నుల ట్రాక్డ్ వాహనం అచ్చంగా ట్యాంకు లాంటిదే. ఒక్కో ట్రాకు మీద 35 టన్నులు, 4.57 మీటర్ల పొడవునా పరుచుకుంటాయి. అదే ట్యాంకును ట్రెయిలర్ ఎక్కిస్తే బరువంతా టైర్ల మీద, అంటే కొన్ని చోట్లే పడుతుంది. అందుకే యాక్సిళ్లు పెంచుతారు. పరీక్షయ్యాక మర్చిపోయే చాప్టర్ ఇక్కడ జీతం తెచ్చిపెడుతుంది.

మన దగ్గర ప్రైవేటు ట్యాంకులు లేకపోయినా ఈ పని ఉంది. ట్రాన్స్‌ఫార్మర్లు, గాలిమర రెక్కలు, రియాక్టర్లు తరలించే రంగాన్ని ఓడీసీ, అంటే ఓవర్ డైమెన్షనల్ కార్గో అంటారు. విశాఖ బీచ్‌లోని టీయూ-142 విమానం 2017లో గాల్లోనే విశాఖ వచ్చింది. తర్వాత విడదీసి ముక్కలుగా బీచ్‌రోడ్డుకు తెచ్చి మళ్లీ బిగించారు. విమానాన్ని అలా విప్పొచ్చు. ట్యాంకుకైతే టరెట్ ఊడదీయగలమేమో గానీ, కింది హల్‌ను ముక్కలు చేయలేం.

ఈ రంగంలోకి రావాలనుకుంటే ప్రాజెక్ట్ లాజిస్టిక్స్ కంపెనీల్లో రూట్ సర్వే, లోడ్ ప్లానింగ్, లాషింగ్ పోస్టులు వెతకండి. మెకానికల్, సివిల్ వాళ్లకు నప్పుతాయి. ఆటోక్యాడ్, ఎక్సెల్ వచ్చి ఉండాలి. స్టాటిక్స్ మీద పట్టు ఉంటే ఇంటర్వ్యూలో నిలబడతారు. కొత్తలో ఏసీ గది ఆశించొద్దు. టేపు, ఎత్తు కొలిచే కర్ర పట్టుకుని కరెంటు తీగలు, మలుపులు, కల్వర్టులు ఒక్కొక్కటే కొలుచుకుంటూ వెళ్లాలి. మీరు రాసిన ఎత్తును నమ్మే డ్రైవర్ ఆ తీగ కింద నుంచి బండి పోనిస్తాడు.