అద్దె గర్భం: అడుగు వేసే ముందు

పెళ్లయి రెండేళ్లు దాటితే చాలు, "ఏమైనా విశేషమా?" అని కోడలిని అడగనివారుండరు. ఆరాధన ముగిసి మందిరం వాకిలి దాటేలోగా ముగ్గురైనా అడుగుతారు. కొడుకును మాత్రం ఎవరూ అడగరు. లోపం పురుషునిలోనూ ఉండవచ్చు, ఇద్దరూ పరీక్షలు చేయించుకోవాలి అని డాక్టర్లు ఎంత చెప్పినా, మొదట ఆస్పత్రి మెట్లెక్కేది స్త్రీయే.

ఇలాంటి దంపతుల చెవిని ఇప్పుడు సరోగసీ అనే మాట పడుతున్నది. అద్దె గర్భం అని దానికి మనవాళ్లు పెట్టిన పేరు సరికాదు. ఇల్లు అద్దెకిచ్చినట్లు గర్భాన్ని ఇవ్వడం మన దేశంలో నేరం.

భార్య అండాన్ని, భర్త వీర్యకణాన్ని ప్రయోగశాలలో కలిపి, ఏర్పడిన పిండాన్ని వేరొక స్త్రీ గర్భంలో ఉంచుతారు. ఆమె నవమాసాలు మోసి, కని, బిడ్డను ఆ దంపతులకు అప్పగిస్తుంది. ఆమె అండాన్ని వాడకూడదు. పుట్టుకతో గర్భసంచి లేనివారికి, జబ్బుచేసి తీసివేయవలసి వచ్చినవారికి, మాటిమాటికీ గర్భం నిలవనివారికి ఇది ఉద్దేశించినది. (గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలోకెల్లా మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువ. అనవసరంగా ఆ ఆపరేషనుకు ఒప్పుకోకండి.)

2022 జనవరి 25 నుండి అమలులోనున్న చట్టం ప్రకారం భార్యకు 23 నుండి 50, భర్తకు 26 నుండి 55 సంవత్సరాల మధ్య వయస్సుండాలి. సాధారణంగా వారికి బ్రతికియున్న సంతానం ఉండకూడదు. మోసే స్త్రీ 25-35 ఏళ్లది, వివాహమై, స్వంత బిడ్డ కలది కావాలి. జీవితంలో ఒక్కసారే ఆమె ఈ పని చేయవచ్చు. వైద్యఖర్చులు, 36 నెలల బీమా వంటివి తప్ప ఆమెకు ప్రతిఫలం ఇవ్వరాదు. దీనిని వ్యాపారంగా నడిపినవారికి పదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. డబ్బిచ్చి చేయించుకున్న దంపతులకూ శిక్ష ఉంది.

"అన్నీ మేమే చూసుకుంటాం, మీరు డబ్బు కట్టండి చాలు" అన్నవారిని నమ్మకండి. 2025 జూలైలో హైదరాబాదు పోలీసులు ఒక కేసు బయటపెట్టారు. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డే అని చెప్పి, ఎవరో పేదతల్లి కన్న శిశువును లక్షలు తీసుకొని ఒక దంపతుల చేతిలో పెట్టారని అభియోగం. డి.ఎన్.ఎ. పరీక్షలో ఆ బిడ్డ వారి రక్తం కాదని తేలింది. సంవత్సరాల ఎదురుచూపు తర్వాత ఒడిలోకి వచ్చిన బిడ్డ! ఆ తల్లి గుండె ఏమైయుంటుందో ఊహించండి.

డబ్బు లేదు గనుక ఇక చిక్కు లేదనుకోవద్దు. ఆదికాండము 16వ అధ్యాయములో శారయి తన దాసి హాగరును అబ్రాముకిచ్చింది. హాగరును ఎవరైనా అడిగారా? అడిగినట్లు అక్కడ వ్రాయబడలేదు. తరువాత ఆ ఇంట్లో రేగిన కలత మీకు తెలుసు. నేడు దాసి లేకపోయినా చెల్లెలుంది, తోడికోడలుంది, అప్పున్న బంధువుంది. అత్తగారు, పెద్దలు కూర్చొని "నువ్వే ఆదుకోవాలమ్మా" అంటే ఆమె కాదనగలదా? ఐ.వి.ఎఫ్. మందులు, కాన్పు, అవసరమైతే సిజేరియన్, అన్నీ ఆమె శరీరం మీదనే. పిండాన్ని ఉంచేవరకు మనస్సు మార్చుకొనే హక్కు చట్టం ఆమెకిచ్చింది. ఆ మాట ఆమెకు ముందే, ఒంటరిగా ఉన్నప్పుడు, ఎవరైనా చెప్పాలి. పాస్టరమ్మగారు ఇందుకు తగినవారని నా అభిప్రాయం.

రోమన్ కాథలిక్ సంఘం సరోగసీని అంగీకరించదు. ప్రొటెస్టెంటు సంఘాల్లో ఒక్కమాట లేదు. మిగిలిన పిండాల సంగతేమిటన్న ప్రశ్న చాలామందిని బాధిస్తున్నది. డాక్టరును ఆ ప్రశ్న మొదటిరోజే అడగండి.

దత్తత గూర్చి మనవారికి ఇంకా పాత భయమే ఉంది. ఒకప్పుడు క్రైస్తవులు 1890 నాటి చట్టం క్రింద సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు, తలిదండ్రులు కాలేకపోయేవారు. 2000 నాటి బాలల న్యాయ చట్టం, 2006లో దానికి జరిగిన సవరణ ఆ అడ్డు తొలగించాయి. ఇప్పుడు కలెక్టరుగారే దత్తత ఉత్తర్వు ఇస్తారు. కనీసం రెండేళ్ల స్థిరమైన కాపురం ఉండాలి. ఎదురుచూపు ఏళ్ల తరబడి సాగుతుంది గనుక, ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నప్పుడే జిల్లా బాలల సంరక్షణ కార్యాలయానికి ఒకసారి భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లి వివరాలు కనుక్కోండి.