ఆఖరి మనిషి వచ్చేదాకా ఆర్పని దీపం: అలాస్కా కుక్కల రేసులో వాలంటీర్లు ఏం చేస్తారు?

మా బహదూర్‌పల్లిలో రాత్రి పదకొండు దాటాక బైక్ మీద వస్తే గల్లీ కుక్కలు సందు చివరిదాకా తరుముతాయి. సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినన్నాళ్లూ నాకు రోజూ ఇదే కథ. ఈరోజు మాత్రం హైదరాబాద్ నుంచి ఢిల్లీ అంత దూరం మంచులో పరిగెత్తే కుక్కల గురించి, వాటి వెనకాల పనిచేసే వాలంటీర్ల గురించి మాట్లాడుకుందాం.

ముందు నా తప్పు ఒకటి చెప్తా. రెండేళ్ల కింద సిటీలో ఒక రన్‌కి వాలంటీర్‌గా వెళ్లా. నీళ్ల టేబుల్ దగ్గర డ్యూటీ. జనం తగ్గగానే అయిపోయిందనుకుని అన్నీ సర్దేశాం. నేను బైక్ తీస్తుంటే ఒక పెద్దాయన మెల్లగా నడుచుకుంటూ వచ్చి, "నీళ్లున్నాయా బాబూ?" అన్నారు. క్యాన్లు అప్పటికే ఆటోలో వెళ్లిపోయాయి. నా బాటిల్‌లో రెండు గుక్కలు మిగిలితే ఇచ్చా. ఆయన ఏమీ అనలేదు. కానీ ఆ రోజు ఇచ్చిన వాలంటీర్ టీషర్ట్ నాకు మళ్లీ వేసుకోబుద్ధి కాలేదు.

ఆ తర్వాత అసలు వాలంటీర్ పనంటే ఏంటని చదువుతూ పోతే దొరికిందే ఇడిటారాడ్.

ఇది అలాస్కాలో ప్రతి మార్చిలో జరిగే రేసు. చక్రాల్లేని మంచుబండిని స్లెడ్ అంటారు. దాన్ని కుక్కల జట్టు లాగుతుంది. వెనక నిలబడి నడిపేవాళ్లు మషర్లు. నోమ్ అనే ఊరి దాకా సుమారు 1,600 కిలోమీటర్లు. 1925లో నోమ్‌లో డిఫ్తీరియా వస్తే, 20 మంది మషర్లు రిలేలా ఒకరి తర్వాత ఒకరు బండ్లు నడిపి ఐదున్నర రోజుల్లో మందు చేర్చారు. ఆ దారిలో కొంత భాగం ఈ రేసులోనూ ఉంటుంది. నోమ్ దాకా మొదటి రేసు 1973లో జరిగింది.

మరి వాలంటీర్ల పనేంటి? స్టార్ట్ దగ్గర కుక్కలు ఎగిరెగిరి ముందుకు లాగుతుంటాయి, వాటిని లైన్ దాకా పట్టుకుని తీసుకెళ్లాలి. దారిలో చాలా ఊళ్లకు రోడ్డే లేదు. అక్కడికి కుక్కల తిండి, అవి పడుకోవడానికి ఎండుగడ్డి వాలంటీర్ పైలట్లు చిన్న విమానాల్లో చేరుస్తారు. వాళ్లకు 'ఇడిటారాడ్ ఎయిర్‌ఫోర్స్' అని పేరు. చెక్‌పాయింట్లలో ఉండేవాళ్లు ఏ అర్ధరాత్రి మషర్ వచ్చినా లేచి టైమ్ రాయాలి, కుక్కల్ని లెక్కపెట్టాలి, తప్పనిసరి సామాను ఉందో లేదో చూడాలి.

అన్నిటికన్నా కష్టమైన పని పశువైద్యులది. వాళ్లలోనూ ఎక్కువమంది వాలంటీర్లే. కుక్క 'నాకు నొప్పిగా ఉంది' అని నోటితో చెప్పదు కదా! గుండె, ఊపిరితిత్తులు, ఒంట్లో నీరు, బరువు, ఆకలి, హుషారు, కాళ్లు, అన్నీ వీళ్లే చూసి పట్టుకోవాలి. బాగాలేని కుక్క అక్కడితో ఆగిపోతుంది. దాన్ని విమానంలో వెనక్కి పంపుతారు. దాని బదులు ఇంకో కుక్కని చేర్చకూడదు. నోమ్‌లో కనీసం ఐదు కుక్కలు బండి లాగుతూ ఫినిష్ చేయాలి. దారిలో ఒకసారి 24 గంటలు, రెండుసార్లు ఎనిమిదేసి గంటలు ఆగి తీరాలి.

ఇంత చూసినా 2024 రేసులో మూడు కుక్కలు చనిపోయాయి. ఈ రేసే వద్దని జంతుహక్కుల సంఘాలు ఏళ్లుగా అంటున్నాయి. ఆ మాటని నేను కొట్టిపారేయలేను. ప్రైజ్, పేరు కోసం వచ్చింది మనిషి. కుక్కని ఎవరూ అడగలేదు. అందుకే దాని తరఫున 'ఇక చాలు' అనగలిగే మనిషి అక్కడ ఉండాలి. నా లెక్కలో ఆ డాక్టర్ లేకపోతే ఇది రేసే కాదు.

ఇక నన్ను ఆపేసిన విషయం. రేసు మొదలైన రోజు నోమ్‌లో ఫినిష్ లైన్ దగ్గర ఒక దీపం పెడతారు. మొదటివాడు గెలిచినా దాన్ని ఆర్పరు. దారిలో ఇంకా మనిషి ఉన్నాడని దాని అర్థం. ఆఖరి మషర్ వచ్చి తన చేత్తో ఆర్పితేనే రేసు అయిపోయినట్టు. 1973లో గెలిచినవాళ్లకి 20 రోజులు పడితే, ఆఖరున వచ్చినవాళ్లకి 32 రోజులు పట్టింది!

నేను ఆ పెద్దాయన కోసం ఇంకో అరగంట కూడా ఆగలేదు.

మీరు ఈసారి ఎక్కడైనా వాలంటీర్‌గా వెళ్తే, 'టీషర్ట్ ఎప్పుడిస్తారు' అని కాదు, 'ఆఖరివాళ్లు ఎప్పుడొస్తారు' అని అడగండి. నీళ్లు అప్పటిదాకా ఉంచండి. మీకూ ఇలాంటి అనుభవం ఉంటే కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!