సమాంతర క్వెరీలలో మెమరీ కేటాయింపు దోషాలు: నిర్ధారణ పద్ధతి

శ్రీశైలం జలాశయం వెనుక జలాల అంచున ఉన్న సోమశిల పరిసరాలలో మునిగి తేలే భూములపై ఒక పరిశోధనను ఊహించవచ్చు. నీటిమట్టాన్ని బట్టి మునిగినట్లు లెక్కకు వచ్చే భూఖండాల పట్టికను, ఉపగ్రహ చిత్రాలలో నీరు కనిపించిన భూఖండాల పట్టికతో సర్వే నంబరు, తేదీల ఆధారంగా జోడించాలి. రెండూ పెద్ద పట్టికలే. డాకర్ కంటైనర్‌లోని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కొంతసేపు పనిచేసి, షేర్డ్ మెమరీ సెగ్మెంట్‌ను పెంచలేకపోయినట్లు, పరికరంలో ఖాళీ లేనట్లు సందేశమిచ్చి ఆగిపోతుంది. చూస్తే డిస్క్‌లో చోటుంది, ర్యామ్ కూడా మిగిలే ఉంది.

సందేశంలోని 'పరికరం' డిస్క్ కాదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో సమాంతర క్వెరీలు 9.6 వెర్షన్‌తో 2016లో వచ్చాయి. అప్పట్లో హ్యాష్ జాయిన్‌లో ప్రతి వర్కర్ తన సొంత మెమరీలో హ్యాష్ పట్టికను విడిగా నిర్మించుకొనేది. 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుండి వర్కర్లన్నీ కలిసి ఒకే పట్టికను షేర్డ్ మెమరీలో నిర్మించగలుగుతున్నాయి. లినక్స్‌లో ఆ మెమరీ సాధారణంగా డెవ్-ఎస్‌హెచ్‌ఎం అనే చోటు నుండి వస్తుంది. డాకర్ దానికి డిఫాల్ట్‌గా ఇచ్చేది 64 ఎంబీ మాత్రమే.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. వర్క్-మెమ్ డిఫాల్ట్ 4 ఎంబీ. 15వ వెర్షన్ నుండి హ్యాష్ పట్టికకు దానికి రెట్టింపు అనుమతి ఉంది. ఇద్దరు వర్కర్లు, ఒక లీడర్ కలిస్తే మూడు ప్రాసెస్‌లు, కాబట్టి పరిమితి 24 ఎంబీ. ఇది 64లో ఇముడుతుంది. వేగం కోసం వర్క్-మెమ్‌ను 16 ఎంబీకి పెంచితే పరిమితి 96 ఎంబీ అవుతుంది. పెద్ద పట్టికల జోడింపు అక్కడే తెగిపోతుంది. వర్క్-మెమ్ అనేది క్వెరీ మొత్తానికి చెందిన హద్దు కాదన్న సంగతిని చాలామంది గమనించరు.

నిర్ధారణకు ఆ సెషన్‌లో మాత్రమే గ్యాదర్‌కు అనుమతించే వర్కర్ల సంఖ్యను సున్నా చేసి చూడాలి. క్వెరీ పూర్తయితే అనుమానం షేర్డ్ మెమరీ మీదికి మళ్లుతుంది. అయితే ఆ సెట్టింగును అలాగే వదిలేయడం చికిత్స కాదు. కంటైనర్‌ను మళ్లీ సృష్టించేటప్పుడు ఎస్‌హెచ్‌ఎం పరిమాణాన్ని పెంచాలి. అది వీలుకాని చోట ప్యారలల్ హ్యాష్‌ను మాత్రమే ఆపితే మిగిలిన సమాంతరత నిలుస్తుంది.

'అవుట్ ఆఫ్ మెమరీ' సందేశం వేరు. అది ప్రాసెస్ సొంత మెమరీకి సంబంధించినది, అక్కడ వర్క్-మెమ్‌నో కనెక్షన్ల సంఖ్యనో తగ్గించాలి. సందేశమే రాకుండా లినక్స్ ఒక వర్కర్‌ను బలవంతంగా చంపితే మరింత నష్టం. షేర్డ్ మెమరీ చెడి ఉండవచ్చునని సర్వర్ తక్కిన కనెక్షన్లన్నింటినీ తెంచి, కోలుకొని మళ్లీ మొదలవుతుంది. అదే సర్వర్‌పై పనిచేస్తున్న ఇతర పరిశోధకుల క్వెరీలూ ఆగిపోతాయి.